రెండు యావజ్జీవాలు, ఒకటే బతుకు: చాలా నేరాలకు కోర్టు శిక్షను ఎట్లా లెక్కిస్తుంది?

పేపర్లో వార్త వస్తుంది: ఒక సెక్షన్ కింద ఏడేళ్లు, ఇంకోదాని కింద ఐదేళ్లు, మరోదాని కింద ఏడాది. వాడలో కూడికలు మొదలవుతాయి. "పదమూడేండ్లు పడ్డది" అంటారు. వార్త చివర చిన్న ముక్క ఉంటుంది: శిక్షలన్నీ ఏకకాలంలో అమలు. అంటే పడ్డది ఏడేళ్లే. మిగతా ఆరేళ్లు ఆ ఏడేళ్ల కడుపులోనే నడిచిపోతాయి. ఈ ఒక్క మాట చుట్టూ ఉన్న చట్టాన్ని మన కార్యకర్తలు, విద్యార్థులు తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం.

ముందు ఒక ఊహించిన కేసు తీసుకుందాం. కంఠేశ్వర్ నుంచి బోధన్ దాకా మన జిల్లా వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. చెరకు కోతకు పోయిన ఒక మాదిగ యువకుడు రావలసిన కూలి అడిగాడు. పొలం ఆసామి నలుగురిలో కులం పేరుతో తిట్టి కర్రతో పది దెబ్బలు కొట్టాడు. అడ్డం వచ్చిన తల్లినీ కొట్టాడు. మరునాడు గ్రామాభివృద్ధి కమిటీలో చెప్పించి ఆ ఇంటిని ఊరి నుంచి వెలివేయించాడు. ఇందులో నేరాలు ఎన్ని?

పది దెబ్బలకు పది నేరాలు కావు. 1860 నాటి శిక్షాస్మృతి 71వ సెక్షన్ దీనికి ఉదాహరణ కూడా ఇచ్చింది: యాభై దెబ్బలు కొట్టినవాడికి దెబ్బకొక ఏడాది లెక్కన యాభై ఏళ్లు వేయరాదు, మొత్తం కొట్టుడుకు ఒకటే శిక్ష. అడ్డం వచ్చిన మనిషిని కొడితే మాత్రం అది వేరే నేరం. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో ఇదే 9వ సెక్షన్. కాబట్టి మన కేసులో కొడుకును కొట్టింది ఒకటి, తల్లిని కొట్టింది ఒకటి, కులం పేరుతో తిట్టింది మరొకటి, వెలి ఇంకొకటి. సాంఘిక బహిష్కరణ 2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టంలో ప్రత్యేక నేరం. ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

ఇప్పుడు ఈ శిక్షలు నడిచేది ఎట్లా? పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 31వ సెక్షన్ ప్రకారం కోర్టు ఏమీ అనకపోతే ఒకటి అయిపోయాక ఇంకొకటి మొదలవ్వాలి. ఏకకాలంలో నడవాలంటే జడ్జి ఆ మాట రాయాలి. కాగితం మీద నియమం అది, కానీ కోర్టుల్లో ఒకే ఘటన నుంచి పుట్టిన నేరాలకు 'ఏకకాలం' రాయడమే అలవాటైపోయింది. 2024 జూలై 1న వచ్చిన నాగరిక సురక్షా సంహిత 25వ సెక్షన్ నేరాల తీవ్రతను చూసి ఏదో ఒకటి కోర్టే స్పష్టంగా ఆదేశించాలంటున్నది. అంతకుముందు మొదలైన విచారణలకు పాత కోడే వర్తిస్తుంది.

యావజ్జీవం సంగతి వేరు. 2016 జూలై 19న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ముత్తురామలింగం కేసులో తేల్చింది: ఎన్ని హత్యలకు అన్ని యావజ్జీవాలు వేయవచ్చు, కానీ ఒకదాని తర్వాత ఒకటి నడపలేరు. మనిషికి ఉన్నది ఒకటే బతుకు గదా! అయితే ఒక శిక్షలో క్షమాభిక్ష దొరికితే అది రెండోదానికి దానంతట అదే అంటదని కూడా అన్నది. ఈ రెండో సంగతి మన సభల్లో ఎవరూ చెప్పరు.

"ఎట్లాగూ కలిపే నడుస్తయి, అట్రాసిటీ సెక్షన్ ఉంటేనేం, పోతేనేం" అని వకీళ్లే అంటుంటారు. దీనికి జవాబు ఆంధ్రప్రదేశ్ కేసు ఒకదానిలో ఉన్నది. 2011 మార్చిలో పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. కింది కోర్టు అత్యాచారానికి ఒక యావజ్జీవం, అట్రాసిటీ చట్టం 3(2)(5) కింద ఇంకో యావజ్జీవం వేసి, రెండూ ఏకకాలమన్నది. హైకోర్టు ఒప్పుకున్నది. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు మొదటిది ఉంచి రెండోది కొట్టేసింది. కులం, ఆడపుట్టుక, అంగవైకల్యం మూడూ కలిసి ఒక మనిషి మీద ఎట్లా పడతాయో అదే తీర్పు విపులంగా రాసింది. రాసి కూడా, ఆమె దళితురాలు అయినందుకే నేరం జరిగిందని సాక్ష్యం లేదన్నది. దోషి జైలు కాలంలో ఒక్క రోజు తగ్గలేదు. తగ్గింది రికార్డులో కులం. మా దృష్టిలో అది చిన్న నష్టం కాదు.

ఆ సెక్షన్ భాష 2016లో మారింది. దళితులని 'తెలిసి' చేస్తే చాలు, 'దళితులు అయినందుకే' చేశారని రుజువు చేయనక్కర లేదు. అయితే 2016కు ముందు జరిగిన నేరాలకు పాత మాటే.

ఇంకో లెక్క కూడా ఉన్నది. అట్రాసిటీ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటిన దోషిని మంచి నడవడి పేరుతో ప్రొబేషన్ మీద వదలరాదు. మన ఊహా కేసులో అట్రాసిటీ సెక్షన్లు రాలిపోయి కొట్టిన నేరం ఒక్కటే మిగిలితే, బాండు రాసిచ్చి ఇంటికి పోయే దారి తెరుచుకుంటుంది. అన్నీ రాలిపోవడమూ మనం చూసిందే. చుండూరులో 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

వరుస శిక్షలు ఎప్పుడూ మనకే మేలు అనుకోవద్దు. ఉత్తరప్రదేశ్‌లో కరెంటు సామాను దొంగతనం కేసులు తొమ్మిదింటిలో ఒక పేదవాడికి కేసుకు రెండేళ్లు పడింది. వరుసగా నడిస్తే పద్దెనిమిదేళ్లు. 2022 డిసెంబర్ 16న సుప్రీంకోర్టు కలిపి నడపమన్నాక బయటపడ్డాడు. వేర్వేరు కేసుల్లో శిక్ష పడితే, కోర్టు ఆదేశం లేకుంటే, వరుసే నియమం. చిన్న దొంగతనాల కేసుల్లో ఇరుక్కున్న మన పిల్లల తరఫున ఆ ఆదేశం అడిగే వకీలు ఎంతమందికి దొరుకుతాడు?

నేరం రుజువైందని జడ్జి చెప్పగానే మనవాళ్లు దండలు తెచ్చుకుని బయటికి నడుస్తారు. శిక్ష మీద వాదన మొదలయ్యేది అప్పుడే, తరచుగా అదే పూట. అట్రాసిటీ చట్టం 15ఏ(5) ప్రకారం శిక్ష విషయంలో బాధితులకు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకు మాట్లాడే హక్కు ఉన్నది, రాసి ఇచ్చే హక్కూ ఉన్నది. ఏ నేరం దేని నుంచి వేరు, ఏ శిక్ష దేని తర్వాత నడవాలి, ఎందుకు అనేది ఒక కాగితం మీద ముందే రాసి పెట్టుకుని, స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ చేతికి ఒక కాపీ, కోర్టుకు ఒక కాపీ ఇవ్వాలి.