తెల్లబడిన తొట్టెనీరు

ఇంటిలో గాజుతొట్టెయందు సముద్రజలము నింపి పగడపు జీవులను, చేపలను పెంచువారికి ఒక్కొక్కప్పుడు నీరు రాత్రికి రాత్రే పాలు కలిపినట్లు తెల్లబడుట కనబడును. నీటిలోని బాక్టీరియా ఒక్కమారుగా పెచ్చుపెరుగుటయే ఇందుకు కారణము.

రాతిచాటున చేప చచ్చి కుళ్ళినను, మేత మితిమీరినను, నైట్రేటును తగ్గింపనెంచి చక్కెర, వినెగరు, వోడ్కా వంటివి ఎక్కువ పోసినను నీటిలో కర్బన పదార్థము పెరుగును. అదియే ఈ బాక్టీరియాకు ఆహారము.

తెలుపును చూచి మనము కలవరపడుదుము గాని, అసలు అపాయము ప్రాణవాయువు తరుగుటయందు కలదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. సముద్రజలములో 7కు లోపే. బాక్టీరియా దానిని హరించును. పగటివేళ పగడములలో నివసించు సూక్ష్మమైన ఆల్గే కొంత ప్రాణవాయువును విడుచును. దీపమార్పిన పిమ్మట అదియు పీల్చుకొనును. కనుకనే తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండును.

కావున మనము మొదట గాలి నందీయవలెను. పంపు మూతిని పైకి త్రిప్పి నీటి ఉపరితలమును కదలింపవలెను. నురుగు తీయు స్కిమ్మరును రాత్రియు ఆపరాదు. పిమ్మట చచ్చినదానిని వెదకి తీసివేసి, మేత తగ్గించి, చక్కెర మొదలగువానిని మానవలెను. అతినీలలోహిత కిరణముల పరికరము గలవారు నీటిని దాని గుండా పారింపవచ్చును. బాక్టీరియాను చంపు మందులు మాత్రము పోయరాదు. అమ్మోనియాను హరించు మేలైన బాక్టీరియా కూడ వానివలన నశింపవచ్చును.

ఆహారము తరిగినచో సాధారణముగా కొద్ది దినములలో నీరు తేటపడును. అంతవరకు చేపలకు ఊపిరి నిలుపుటయే మన పని.