మాత్ర మింగారా? లెక్క తేల్చేదెలా?

సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర ఒక బామ్మగారు ఉన్నారనుకుందాం. ఇంట్లో జారిపడితే ఆమె మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయని డాక్టరు వారానికొక అలెండ్రొనేట్ మాత్ర రాశారు. ఏడాది గడిచినా ఎముకలు బలపడలేదు. మందు పనిచేయలేదా? బామ్మగారే వేసుకోలేదా? ఇది తేలాలి. లేకపోతే ఈసారి విరిగేది తుంటి ఎముక కావచ్చు.

ఎముక గుల్లబారుతున్నప్పుడు నొప్పి ఉండదు. మాత్ర వేసుకున్నా, మానేసినా రోగికి తేడా తెలియదు. అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు.

మరి కనిపెట్టడం ఎలా? మొదటిది, కొన్న మాత్రల లెక్క. 52 వారాలకు 52 మాత్రలు కావాలి. బామ్మగారి బిల్లుల్లో 36 మాత్రలే ఉన్నాయి. 36ను 52తో భాగించి 100తో గుణించండి. సుమారు 69 శాతం! 80 శాతానికి తగ్గకుంటేనే బాగా వాడినట్లని వైద్యులు సాధారణంగా భావిస్తారు.

కాని కొన్నవన్నీ మింగినట్లేనా? ఈ చిక్కు క్షయరోగ చికిత్సలో ఎప్పుడో ఎదురైంది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, కొందరు రోగులకు ఇంటివద్దే మందులిచ్చి చూసింది. సిబ్బంది చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు; మూత్రంలో మందు జాడ ఉందేమో పరీక్షించేవారు. తరువాత, సీసా మూత తీసిన ప్రతిసారీ సమయం నమోదుచేసే ఎలక్ట్రానిక్ మూతలు వచ్చాయి. అవి కూడా మూత తీశారనే చెబుతాయి, మింగారని కాదు!

ఇంకొక దారి ఎముకనే అడగడం. మన ఎముకల్లో పాత భాగం కరుగుతూ, కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. కరిగేటప్పుడు కొల్లాజెన్ అనే మాంసకృత్తి ముక్కలు రక్తంలో చేరతాయి. అలెండ్రొనేట్ ఈ కరుగుదలను తగ్గిస్తుంది. కనుక సరిగా వాడితే సుమారు మూడు నెలల్లో రక్తంలో ఆ ముక్కలు తగ్గాలి.

"సరిగా" అన్నమాట గమనించారా? పక్కింటి తాతగారు 52 మాత్రలూ వేసుకున్నారు, కాని కాఫీతో! ఈ మందు పరగడుపున మంచినీళ్లతో వేసుకున్నా రక్తంలో చేరేది నూటికి ఒక వంతు కన్నా తక్కువ. కాఫీతో అయితే అందులోనూ సగానికి పైగా నష్టం. లెక్కలో ఆయనకు నూటికి నూరు, ఎముకకు దక్కింది మాత్రం స్వల్పం. మాత్ర వేసుకున్నాక అరగంట సేపు పడుకోకూడదు కూడా. పడుకుంటే అన్నవాహిక ఒరిసిపోవచ్చు.

ఏ ఒక్క కొలతా పూర్తి నిజం చెప్పదు. అందుకే డాక్టర్లు రెండు మూడు కలిపి చూస్తారు, "ఈ నెలలో ఎన్నిసార్లు మరిచిపోయారు?" అని మెల్లగా అడుగుతారు. మీ ఇంట్లో ఇలాంటి మాత్ర వాడేవారుంటే, వారం వారం క్యాలెండరు మీద గుర్తు పెట్టే పని మీరు తీసుకోండి. కొలతతోపాటు జ్ఞాపకం చేసినట్లూ ఉంటుంది.