కంకరలో, బురదలో యాంటీ-లాక్ బ్రేకులు మేలు చేస్తాయా?

సైకిలు మీద జోరుగా పోతూ వెనుక బ్రేకును ఒక్కసారిగా గట్టిగా పట్టి చూడనివారు మీలో ఎవరూ ఉండరనుకుంటాను. చక్రం తిరగడం ఆగిపోతుంది. కాని సైకిలు ఆగదు! టైరు సర్రుమని రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. తారురోడ్డయితే నల్లని చార పడుతుంది. అదే పని కంకర బాట మీద చేస్తే చార బదులు చిన్న కాలువ పడుతుంది; ఆ కాలువ చివర, టైరుకు ముందు, గులకరాళ్ళు కుప్పగా చేరి ఉంటాయి. ఆ చారకూ ఈ కుప్పకూ ఉన్న తేడాను జ్ఞాపకం పెట్టుకోండి. మనకు దానితో చాలా పని ఉంది.

యాంటీ-లాక్ బ్రేకులు ప్రాణాలు కాపాడతాయని మీరు వినే ఉంటారు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటిన కొత్త మోటారు సైకిళ్ళన్నిటికీ అవి తప్పనిసరి అయ్యాయి. అయితే రోడ్డే లేనిచోట తిరిగే ఎ.టి.వి. అనే నాలుగు చక్రాల బండ్లలో చాలావాటికి అవి ఉండవు. రోడ్డు కంటె ప్రమాదకరమైన చోట తిరిగే బండికి రోడ్డు మీది రక్షణ ఎందుకు లేదు? కంపెనీల పిసినారితనమేనా?

ముందు ఆ బండి సంగతి చూద్దాం. ఎ.టి.వి. అంటే 'ఆల్ టెర్రెయిన్ వెహికిల్', ఎలాంటి నేల మీదనైనా నడిచే బండి. మోటారు సైకిలు మీద లాగే దీని మీద కాళ్ళు చెరోవైపు వేసి కూర్చుంటారు, హేండిలు పట్టి నడుపుతారు. 1970లో హోండా కంపెనీ అమ్మకానికి పెట్టినదానికి మూడే చక్రాలు. నాలుగు చక్రాలదాన్ని 1982లో సుజుకి తెచ్చింది. ఆస్ట్రేలియాలో, అమెరికాలో రైతులు పశువులను మళ్ళించడానికి, కంచెలు చూసుకోవడానికి దీన్ని వాడతారు. మన దేశంలో ఎక్కువగా విహార స్థలాల్లో అద్దెకిచ్చేవే కనిపిస్తాయి. దీని టైర్లు లావుగా, మెత్తగా ఉంటాయి. కారు టైరులో గాలి పీడనం చదరపు అంగుళానికి 30 పౌన్లకు పైగా ఉంటే, దీనిలో సుమారు 5 పౌన్లే ఉంటుంది. అందుకే బురదలో కూరుకుపోకుండా నేలను పరుచుకొని నడుస్తుంది.

ఇక ఘర్షణ. ఒక ఇటుకకు తాడు కట్టి, స్ప్రింగు త్రాసు తగిలించి, నున్నటి గచ్చు మీద మెల్లగా లాగండి. ఇటుక కదలబోయే క్షణంలో త్రాసు ఎక్కువ బలం చూపుతుంది. కదిలిన తరువాత ముల్లు కొంచెం వెనక్కి వస్తుంది. స్థైతిక ఘర్షణ కంటె జారుడు ఘర్షణ తక్కువని పాఠంలో చదువుకున్నది ఇదే.

దీనికీ చక్రానికీ సంబంధమేమిటి? దొర్లుతున్న చక్రంలో నేలను తాకే భాగం ఆ క్షణానికి నేల మీద నిలిచే ఉంటుంది. మనం నడుస్తున్నప్పుడు నేల మీద ఆన్చిన పాదం కదలకుండా ఉండి, తక్కిన శరీరం ముందుకు పోతుంది కదా, అలాగే. కాబట్టి దొర్లే చక్రానికి నేలతో ఉన్న పట్టు స్థైతిక ఘర్షణది. చక్రం బిగుసుకుపోతే, అంటే 'లాక్' అయితే, అది గచ్చు మీద జారే ఇటుకే. పట్టు తగ్గుతుంది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. జారే వస్తువు మీద ఘర్షణ అది జారే దిశకు సరిగ్గా ఎదురుగా పనిచేస్తుంది. ఇటుకను మీరు ఏ పక్కకు తిప్పి పెట్టినా అంతే. కాబట్టి ముందు చక్రాలు బిగుసుకొన్న బండిలో హేండిలును కుడికి తిప్పినా ఎడమకు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. ఎదురుగా ఉన్నది గోడ అయినా, పశువైనా, మనిషి అయినా సరే!

ఈ బెడదను ముందుగా ఎదుర్కొన్నవి విమానాలు. తడిసిన రన్‌వే మీద చక్రాలు బిగుసుకుపోకుండా 1950లలో బ్రిటన్‌లో డన్‌లప్ కంపెనీ 'మాక్సరెట్' అనే సాధనాన్ని తయారుచేసింది. కార్లలో ఎలక్ట్రానిక్ పద్ధతి 1978లో బాష్ కంపెనీ తయారీగా మెర్సిడెస్-బెంజ్ కారులో వచ్చింది. దాని పని ఇలా ఉంటుంది. చక్రంతోపాటు తిరిగే పళ్ళ కంకణం ఒకటి ఉంటుంది. పక్కనే ఉన్న సెన్సారు ఎన్ని పళ్ళు ఎంత త్వరగా దాటిపోతున్నాయో లెక్కపెట్టి ఒక చిన్న కంప్యూటరుకు చెబుతుంది. ఒక చక్రం ఉన్నట్టుండి వేగం కోల్పోతే, అది బిగుసుకోబోతోందని గ్రహించి కంప్యూటరు ఒక కవాటాన్ని తెరిచి ఆ చక్రం మీది బ్రేకు పీడనాన్ని తగ్గిస్తుంది. చక్రం మళ్ళీ తిరగగానే పీడనం పెంచుతుంది. సెకనుకు పది పదిహేనుసార్లు ఇలా పట్టి విడుస్తుంది. మన వేళ్ళకు అది సాధ్యమయ్యే పని కాదు.

తారురోడ్డు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. అక్కడ చక్రం బండి కంటె 10 నుంచి 20 శాతం వెనుకబడి తిరుగుతున్నప్పుడు పట్టు అన్నిటికంటె ఎక్కువ. కంప్యూటరు చక్రాన్ని ఆ హద్దు దగ్గరే నిలబెట్టడానికి చూస్తుంది.

ఇప్పుడు మన రాళ్ళ కుప్ప దగ్గరికి వద్దాం. అదే ఇటుకను ఈసారి పొడి ఇసుకలో అంచు మీద నిలబెట్టి లాగండి. కదిలిన తరువాత త్రాసు ముల్లు వెనక్కి రాదు. పైగా ముందుకు పోతుంది. ఇటుక ముందు ఇసుక పోగవుతున్నకొద్దీ దాన్ని తోసుకుపోవడానికి మరింత బలం కావాలి. వదులు కంకరలో బిగుసుకొన్న చక్రం చేసేది కూడా ఇదే. టైరు నేలలోకి దిగి, తన ముందు తానే ఒక గట్టు కట్టుకొని, దానికి ఢీకొని ఆగుతుంది. యాంటీ-లాక్ బ్రేకు ఉందనుకోండి. చక్రం బిగుసుకోబోయిన ప్రతిసారీ అది విడిచిపెడుతుంది. చక్రం దొర్లి, అప్పుడే కట్టుకొన్న గట్టును ఎక్కి దాటేస్తుంది! మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇది ఊహ కాదు. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ కొన్ని వాహనాలను రకరకాల నేలల మీద పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించింది. చాలా నేలల మీద యాంటీ-లాక్ బ్రేకులతోనే తక్కువ దూరంలో ఆగాయి. వదులు కంకర మీద మాత్రం ఆగే దూరం సగటున 27 శాతం పెరిగింది. లెక్క వేసి చూడండి. గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్ల వేగం. కంకర మీద బిగుసుకొన్న చక్రాలకు ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే ఆగే దూరం 100 ÷ (2 × 0.6 × 9.8), సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. దానికి 27 శాతం కలిపితే దాదాపు పదకొండు. ఆ రెండు మీటర్లకు పైబడిన తేడాలో ఒక మనిషి నిలబడి ఉండవచ్చు.

ఎ.టి.వి. విషయంలో చిక్కులు ఇంకా ఉన్నాయి. ఎగుడుదిగుడు నేల మీద చక్రం మాటిమాటికీ గాలిలోకి లేస్తుంది. గాలిలో ఉన్న చక్రం బ్రేకు తాకీ తాకకముందే ఆగిపోతుంది. కంప్యూటరుకు అది జారుతున్న చక్రంలాగే కనిపించి బ్రేకు వదిలేస్తుంది. ఆలోగా చక్రం నేల మీదికి వచ్చినా బ్రేకు ఉండదు. ఆటకు వాడే ఎ.టి.వి.లలో చాలావాటికి వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి, దానికి ఒకే బ్రేకు పెడతారు. అక్కడ ఒక చక్రాన్ని పట్టి మరొకదాన్ని విడవడమన్నదే కుదరదు.

'అయితే వద్దే వద్దు' అని తీర్పు చెప్పబోతున్నారా? ఆగండి, ఇంకో లెక్క ఉంది. 20 డిగ్రీల వాలున్న కొండదారి, వాన కురిసి బురద. ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. వాలు మీద బండిని కిందికి లాగే త్వరణం g sin 20°, అంటే సుమారు 3.4. దాన్ని ఆపగల ఘర్షణ వల్ల కలిగేది 0.3 × g cos 20°, అంటే సుమారు 2.8. ఆపేది లాగేదానికంటె చిన్నది! కాబట్టి ఏ బ్రేకు వేసినా, ఎవరు వేసినా, బండి ఆగదు. అక్కడ మిగిలేది ఒక్కటే: బండిని తిన్నగా దించడం. చక్రాలు బిగుసుకుపోతే బండి పక్కకు తిరుగుతుంది. వాలుకు అడ్డంగా తిరిగిన ఎ.టి.వి. బోల్తాపడి నడిపేవాడి మీద పడుతుంది. ఈ బండ్ల కింద పడి చాలామంది ప్రాణాలు పోగొట్టుకొన్నారు. చక్రాలు మెల్లగా దొర్లుతూ ఉంటే దారి మన చేతిలో ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు అలాంటి చోట చిన్న గేరులో ఇంజను చేతనే బండిని పట్టించి, బ్రేకును అంటీ అంటనట్టు వాడతారు.

ఆ నేర్పును యంత్రానికి నేర్పినవాళ్ళు ఉన్నారు. 1997లో వచ్చిన లాండ్ రోవర్ ఫ్రీలాండర్ అనే జీపు తరహా బండిలో యాంటీ-లాక్ బ్రేకుల సెన్సార్లనూ కవాటాలనూ మరో పనికి ఉపయోగించారు. మీట నొక్కితే, నడిపేవాడు బ్రేకు తొక్కకపోయినా యంత్రమే ఒక్కో చక్రాన్ని విడిగా పట్టి విడుస్తూ బండిని నడక వేగంతో వాలు దించుతుంది. పరికరాలు అవే, చేసే లెక్క మారింది. టొయోటా లాండ్ క్రూజర్ బండ్లలో కొన్నిటిలో మరో ఉపాయం ఉంది: నేల వదులుగా ఉన్నదని గ్రహిస్తే, చక్రం ముందు గట్టు కట్టుకోవడానికి వీలుగా బ్రేకును మరికొంతసేపు పట్టే ఉంచుతుంది. కాబట్టి నా ఉద్దేశంలో తప్పు బ్రేకుది కాదు. తారురోడ్డు కోసం వేసిన లెక్కను తెచ్చి కంకర మీద పెట్టడానిది. నేలను గుర్తించగల యాంటీ-లాక్ బ్రేకు ఉంటే ఎ.టి.వి.కి మేలే. అది లేని చవక రకం పెట్టడం కంటె మామూలు బ్రేకే నయం.

ఒకవేళ డబ్బు ఒక్కదానికే ఉంటే దేనికి పెట్టాలి? ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో చేసిన భద్రతా నియమాలు చూడండి. 2021 అక్టోబరు నుంచి అక్కడ అమ్మే సాధారణ వాడకపు కొత్త ఎ.టి.వి.లకు, బండి బోల్తాపడినా మనిషి నలిగిపోకుండా కాపాడే గట్టి చట్రం ఉండి తీరాలి. యాంటీ-లాక్ బ్రేకులు ఆ నియమాల్లో లేవు. చంపుతున్నది బోల్తాపడటం కాబట్టి ముందు దాని సంగతి చూశారు. అది సరైన వరుస అని నాకు తోస్తుంది.

మోటారు సైకిలు లెక్క మళ్ళీ వేరు. నాలుగు చక్రాల బండికి ముందు చక్రాలు బిగుసుకొంటే దారి తప్పుతుంది, అంతే. రెండు చక్రాలదానికి ముందు చక్రం బిగుసుకొంటే బండి క్షణంలో కింద పడుతుంది. అందుకని కంకర దారులకు కూడా పనికివచ్చేలా చేసిన మోటారు సైకిళ్ళు కొన్నిటిలో ఒక మీట పెట్టారు. అది నొక్కితే వెనుక చక్రానికి మాత్రమే యాంటీ-లాక్ ఆగుతుంది, ముందుదానికి అలాగే ఉంటుంది. ఇలాంటి చాలా బండ్లలో తాళం తీసి మళ్ళీ పెట్టగానే రెండు చక్రాలకూ దానంతటదే తిరిగి వస్తుంది. తారురోడ్డు ఎక్కినవాడు మీట సంగతి మరిచిపోతాడని ఆ ఇంజనీర్లకు తెలుసు.