పార్కిన్‌సన్స్ జబ్బు: వేళకు మాత్ర, ఇంటివారి ఓపిక



"బాపు ముఖంలో నవ్వు లేదు, మాట సన్నగా వస్తున్నది, అంగీ గుండీలు పెట్టుకోవడానికే పావుగంట పడుతున్నది. ముసలితనం గదా సిస్టర్!" అని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుండి వచ్చే కుటుంబాలు అంటుంటాయి. అన్నిసార్లూ అది ముసలితనమే కాదు, పార్కిన్‌సన్స్ జబ్బు కూడా కావచ్చు. ఇది పూర్తిగా నయమయ్యేది కాదు. కాని మాత్ర వేళకు పడితే, ఇంటివారు ఓపికగా ఉంటే, చాలామంది ఏళ్ల తరబడి తమ పనులు తాము చేసుకోగలరు.

ఎందుకు వస్తుంది?

మన కదలికలు సాఫీగా సాగడానికి మెదడులో డోపమైన్ అనే రసాయనం కావాలి. దానిని తయారు చేసే కణాలు క్రమంగా చనిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ దీనిని వివరించి రాశారు కనుక ఆయన పేరు పెట్టారు. ఆయుర్వేదంలో దీనిని కంపవాతం అంటారు. ఎక్కువగా 60 ఏళ్లు దాటినవారిలో కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. చేతబడి కాదు, ఎవరి పాపానికీ శిక్ష కాదు. కొన్ని పురుగు మందులు, కలుపు మందులతో చాలాకాలం పనిచేసిన వారిలో ఇది కొంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి పత్తి, మిరప చేలలో మందు కొట్టేవారు ముక్కుకు, చేతులకు రక్షణ లేకుండా కొట్టరాదు.

ఎలా గుర్తించాలి?

- ఊరికే కూర్చున్నప్పుడు ఒక చెయ్యి వణకడం, పని చేసేటప్పుడు వణుకు తగ్గడం. వణుకు లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చు.
- పనులన్నీ నెమ్మదించడం, కాళ్లు చేతులు బిగుసుకుపోవడం.
- చిన్న చిన్న అడుగులు వేయడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం.
- చేతిరాత చిన్నదవడం. బ్యాంకులో సంతకం కలవకపోవడానికి ఇది కారణం కావచ్చు.
- ముఖంలో భావం కనిపించకపోవడం. ఇంట్లో వాళ్లు "అలిగినాడు" అనుకుంటారు. అలక కాదు, ముఖ కండరాలు కదలకపోవడమే.

ఏ రక్తపరీక్షా దీనిని తేల్చి చెప్పదు. వైద్యులు చూసి, నడిపించి నిర్ణయిస్తారు. తల తిరుగుడుకు ఇచ్చే సిన్నారిజిన్ వంటి మాత్రలు ఎక్కువ కాలం వాడినా ఇవే లక్షణాలు రావచ్చు. కనుక వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.

మాత్ర విషయంలో జాగ్రత్తలు

ముఖ్యమైన మందు లీవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర. జబ్బు ముదిరే కొద్దీ ఒక్కో మాత్ర పనిచేసేది కొన్ని గంటలే. 8 గంటల మాత్ర 10 గంటలకు వేస్తే ఆ రెండు గంటలు మనిషి మంచానికి అతుక్కుపోతాడు. అది బద్ధకం కాదు.

1. డాక్టరు చెప్పిన గంటలను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.
2. భోజనానికి అరగంట ముందు వేయడం మంచిది. పప్పు, మాంసం, గుడ్లు, పాలతో కలిపి వేస్తే మందు సరిగా పట్టదు. అంతమాత్రాన అవి తినడం మానరాదు. మాత్రతో కడుపులో తిప్పితే డాక్టరుకు చెప్పండి.
3. ఒక్కసారిగా మానరాదు. ఒళ్లు బిగుసుకుని, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఉపవాస ప్రార్థన రోజైనా, బస్సు ప్రయాణంలోనైనా మాత్ర మానవద్దు. ఆపరేషనుకు వెళితే నర్సుకు ముందే చెప్పండి.
4. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ వేయించరాదు, జబ్బు ఎక్కువవుతుంది. ఊళ్లో సూది వేసే వారికి ఈ సంగతి తప్పక చెప్పండి.
5. దూలగొండి గింజల్లో లీవోడోపా ఉన్న మాట నిజమే. కాని ఎంత మోతాదో తెలియదు కనుక సొంతంగా మింగరాదు.
6. లేనివారు కనిపిస్తున్నారని పెద్దవారు చెబితే దయ్యమని భయపడవద్దు. మందు వల్ల కావచ్చు, డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో సంరక్షణ

గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోవడం ఈ జబ్బులో మామూలే. చెయ్యి పట్టి లాగితే పడిపోతారు. ఆగనివ్వండి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి. నేల మీద సుద్దతో అడ్డగీతలు గీస్తే, వాటిని దాటుతూ అడుగు పడుతుంది. పాట తాళానికి నడిచినా సాయపడుతుంది.

లోతుగా కుంగిన నులక మంచం మీది నుండి లేవడం కష్టం. గట్టి పరుపు, చేతులున్న కుర్చీ మేలు. లేచేటప్పుడు బీపీ పడిపోయి తూలవచ్చు. రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోబెట్టి లేపండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి, నేల తడి లేకుండా చూడండి.

నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టండి. గడ్డం కొంచెం కిందికి వంచి మింగమనండి. నీళ్లకు పొలమారితే చిక్కటి జావ నయం. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, జామపండు ఇవ్వండి. రోజూ కొంతసేపు నడిపించండి. బైబిలు పెద్దగా చదివించండి, గొంతుకు అదే వ్యాయామం.

కోడలో, కూతురో ఒక్కతే మోయవలసిన భారం కాదిది. కొడుకులూ వంతు తీసుకోవాలి.

సంఘం చేయగలిగినది

చెయ్యి వణుకుతుందని సిగ్గుపడి మందిరానికి రాని పెద్దలున్నారు. ప్రభు బల్ల గిన్నెను సగమే నింపి ఇవ్వండి, లేదా వారు కూర్చున్న చోటికే తీసుకెళ్లండి. పోపు జాన్ పాల్ 2 ఈ జబ్బుతోనే ఏళ్ల తరబడి అందరి ఎదుటకు వచ్చారు, 2005లో కన్నుమూసే వరకు సిగ్గుపడి దాక్కోలేదు.

ఎక్కడికి వెళ్లాలి?

2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ముందు దగ్గరలోని ఫిజీషియన్‌కు చూపించండి. అవసరమైతే వారు వరంగల్ ఎం.జి.ఎం.కు గాని, హైదరాబాద్ నిమ్స్‌లోని న్యూరాలజీ విభాగానికి గాని పంపుతారు. మందులతో అదుపు కాని కొందరికి మెదడులో సన్నని తీగలు అమర్చే శస్త్రచికిత్స కూడా ఉంది. అది ఎవరికి తగినదో నిపుణులు నిర్ణయిస్తారు.

నెమ్మదిగా తినేవారిని తొందరపెట్టకండి, సన్నగా మాట్లాడేవారి మాట పూర్తి కానివ్వండి. దేవుడు మీ ఇంటి పెద్దలను, వారికి సేవ చేసే చేతులను దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్