చూపులకు కాదు... చదువుకు కంప్యూటర్‌!

అద్దాల పెట్టె, రంగురంగుల లైట్లు చూసి మనసు పారేసుకుంటే జేబు ఖాళీ. అసలు పని చేసే భాగాల దగ్గర బేరమాడితే ఏడాది తిరక్కుండానే రిపేరు. ఉన్న డబ్బుతో ఇంటికి మంచి కంప్యూటర్‌ కూర్చుకోవాలంటే ఏ భాగానికి ఎంత పెట్టాలి? ఎక్కడ తగ్గించొచ్చు? ఎక్కడ అస్సలు తగ్గించకూడదు?

అబ్బాయికి ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తాడు. ఇక కంప్యూటర్‌ కావాలి. పాడుకున్న చీటీ డబ్బుల్లోంచి ఫీజులు పోను నాన్న దానికోసం పక్కన పెట్టింది 45 వేలు. ఆపైన రూపాయి లేదు. తండ్రీకొడుకులిద్దరూ సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ మెట్లెక్కారనుకోండి. దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న- ‘బడ్జెట్‌ ఎంత సార్‌?’

చెప్పిన పది నిమిషాల్లో కొటేషన్‌ చేతికొస్తుంది. అద్దాల క్యాబినెట్‌, రంగులు మార్చే ఫ్యాన్లు, ఓ చిన్న గ్రాఫిక్స్‌ కార్డు... సరిగ్గా 45 వేలకే! అబ్బాయి కళ్లు మెరుస్తాయి. నాన్నకు మాత్రం ఒకటే అనుమానం. ఇందులో మనకు అక్కర్లేనిదెంత? అక్కరున్నది ఏం తగ్గించారు?

చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనైనా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనైనా జరిగేది ఇదే. ఆ అనుమానం తీరాలంటే దుకాణదారు అడగని ప్రశ్న మనమే వేసుకోవాలి. అది ‘ఎంతలో?’ కాదు... ‘ఎందుకు?’

పనిని బట్టే పనిముట్టు

పాఠాలు వినడం, ప్రాజెక్టు రిపోర్టులు రాసుకోవడం, ప్రోగ్రామింగ్‌ నేర్చుకోవడం, సినిమాలు చూడటం... చాలా ఇళ్లలో కంప్యూటర్‌తో పని ఇంతే. దీనికి విడిగా గ్రాఫిక్స్‌ కార్డే అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌ సరిపోతుంది. సివిల్‌, మెకానికల్‌ విద్యార్థులు మొదట్లో వేసే ఆటోక్యాడ్‌ డ్రాయింగులకీ అది చాలు. కృత్రిమ మేధ ప్రాజెక్టులు చేసేవారికి శక్తిమంతమైన కార్డు అవసరమే కానీ, నేర్చుకునే దశలో గూగుల్‌ కోలాబ్‌ లాంటి సేవలు కొంత మేరకు ఉచితంగానే ఆ సౌకర్యం ఇస్తున్నాయి.

పెద్ద పెద్ద ఆటలు ఆడాలన్నా, త్రీడీ మోడళ్లు తయారుచేయాలన్నా, రోజూ వీడియో ఎడిటింగ్‌ చేయాలన్నా లెక్క మారుతుంది. అప్పుడు గ్రాఫిక్స్‌ కార్డుదే పెద్ద వాటా. హాస్టల్లో ఉండి చదివే పిల్లలకైతే ఈ గొడవంతా లేకుండా ల్యాప్‌టాపే మేలు. ఇంట్లో ఒకచోట ఉండి, నలుగురూ వాడుకుని, నాలుగేళ్ల తర్వాత కూడా ఒక్కో భాగం మార్చుకుంటూ పోవాలంటే మాత్రం డెస్క్‌టాప్‌కు సాటి లేదు.

ఇలా భాగాలు విడివిడిగా కొని కూర్చుకునే వీలు ఊరికే రాలేదు. 1981లో ఐబీఎం తన మొదటి పర్సనల్‌ కంప్యూటర్‌ను బయటి కంపెనీల విడిభాగాలతో తయారుచేసింది. దాని నిర్మాణ వివరాలనూ బయటపెట్టింది. దాంతో వేరే కంపెనీలూ దానికి సరిపోయే భాగాలు చేయడం మొదలుపెట్టాయి. ఈనాటికీ ఒక కంపెనీ బోర్డులో మరో కంపెనీ ర్యామ్‌ చక్కగా కూర్చుంటోందంటే కారణం అదే.

వందలో ఎవరి వాటా ఎంత?

ధరలు వారానికోలా మారిపోతుంటాయి. అందుకని రూపాయల కన్నా వాటాలు గుర్తుపెట్టుకోవడం తేలిక. గ్రాఫిక్స్‌ కార్డు లేని ఇంటి కంప్యూటర్‌కు వంద రూపాయలు ఉన్నాయనుకుంటే ప్రాసెసర్‌, మదర్‌బోర్డు జంటకు 38, ర్యామ్‌, ఎస్‌ఎస్‌డీలకు 25, మానిటర్‌కు 17, ఎస్‌ఎంపీఎస్‌, క్యాబినెట్లకు 11, కీబోర్డు, మౌస్‌, యూపీఎస్‌లకు 9. రూపాయో రెండో అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఏదైనా ఒక్కటే సగం మింగేస్తోందంటే మాత్రం మిగతావాటిలో ఎక్కడో కోత పడిందనే అర్థం.

ఒక్క అక్షరంతో తంటా

ప్రాసెసర్‌ దగ్గర అందరూ అంకెలు చూస్తారు. చూడాల్సింది చివరి అక్షరం. ఇంటెల్‌ కోర్‌ ఐ3-12100లో గ్రాఫిక్స్‌ ఉంటుంది. దాని పక్కనే కాస్త తక్కువ ధరకు దొరికే 12100ఎఫ్‌లో ఉండదు. ఏఎండీ రైజెన్‌ 5000 సిరీస్‌లో సాధారణంగా ఇది తిరగేసి ఉంటుంది. రైజెన్‌ 5 5600జి అంటే గ్రాఫిక్స్‌ ఉన్నది, ఉత్త 5600 అంటే లేనిది. వెయ్యీ రెండు వేలూ కలిసొస్తాయని ‘ఎఫ్‌’ కొనుక్కొచ్చి, అన్నీ బిగించి స్విచ్చి వేస్తే ఫ్యాన్‌ తిరుగుతుంది... తెర మీద మాత్రం ఏమీ రాదు. మానిటర్‌ పాడైందని కంగారు పడతారు. చివరికి గ్రాఫిక్స్‌ కార్డు కొనక తప్పదు. మిగిల్చింది పోగా, పదింతలు చేతి చమురు!

ప్రాసెసర్‌కు జోడీ మదర్‌బోర్డు. రెండింటి సాకెట్‌ ఒకటే కావాలి. ఇక్కడే మరో నిర్ణయం తీసుకోవాలి. ఏఎండీ ఏఎం4 సాకెట్‌ రైజెన్‌ ప్రాసెసర్లు తొలిసారి వచ్చిన 2017 నుంచి ఏళ్ల తరబడి నడిచింది. అప్పుడు కొన్న చాలా బోర్డుల్లో 2022లో వచ్చిన ప్రాసెసర్‌ కూడా, బయాస్‌ను అప్‌డేట్‌ చేస్తే, పనిచేసింది. అయితే దాని ప్రయాణం ఇప్పుడు చివరికొచ్చింది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌కు 2027, ఆ తర్వాత కూడా ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ 2024లో ప్రకటించింది. కానీ దానికి డీడీఆర్‌5 ర్యామే వేయాలి. ఇంటెల్‌ 12వ తరం బోర్డుల్లో డీడీఆర్‌4 వేసేవి, డీడీఆర్‌5 వేసేవి రెండు రకాలూ ఉన్నాయి. ఒకదాంట్లో ఇంకోటి పట్టదు. మూడు నాలుగేళ్లు అలాగే వాడేస్తాం అనుకుంటే పాత తరమే చవక. మధ్యలో ప్రాసెసర్‌ మార్చుకునే ఆలోచన ఉంటే కాస్త ఎక్కువైనా కొత్త సాకెట్‌ నయం.

ర్యామ్‌కు రెక్కలొచ్చాయి

ర్యామ్‌ కొనేవారికి 2025 చివరి నుంచీ కష్టకాలమే. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు గుట్టలుగా కావాలి. తయారీ సంస్థలు అటువైపు మొగ్గడంతో మామూలు కంప్యూటర్ల ర్యామ్‌ ధర అమాంతం పెరిగింది. క్రూషియల్‌ పేరుతో సామాన్య వినియోగదారులకు ర్యామ్‌, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్‌ 2025 డిసెంబరులో ప్రకటించింది.

మరేం చేయాలి? ఈరోజుల్లో 16 జీబీ ఉంటే హాయి, 8 జీబీ కనీస అవసరం. డబ్బు ఉంటే 16 జీబీ ఒకే కర్ర కన్నా 8 జీబీ కర్రలు రెండు మంచివి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు దారులుంటే దాని వేగం బాగా పెరుగుతుంది. డబ్బు చాలకపోతే ఇప్పటికి 8 జీబీ ఒకటి వేసి రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోవచ్చు. పాత సరుకు కొనక తప్పదనుకుంటే భాగాలన్నింట్లో ర్యామ్‌తోనే భయం తక్కువ. అందులో తిరిగేదీ అరిగేదీ ఏమీ ఉండదు. మెమ్‌టెస్ట్‌86 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అక్కడికక్కడే పరీక్షించుకోవచ్చు కూడా.

ఎస్‌ఎస్‌డీ విషయంలో మాత్రం రాజీ వద్దు. హార్డ్‌డిస్కు క్షణానికి 150 ఎంబీల దరిదాపుల్లో సమాచారం చదివితే, సాటా ఎస్‌ఎస్‌డీ 550 ఎంబీల దాకా, ఎన్‌వీఎంఈ రకం మూడు వేల ఎంబీలకు పైగా చదువుతుంది. రోజువారీ పనిలో మొదటి రెండింటి మధ్య తేడా భూమ్యాకాశాలంత. ఆపై తేడా పెద్దగా తెలీదు. అందుకని అత్యంత వేగం కోసం ఎగబడక్కర్లేదు. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి, పాత కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్కు బాగుంటే పెళ్లి ఫొటోలూ వీడియోలూ దాంట్లో దాచుకోవచ్చు.

కనపడని ప్రాణదాత

ఇప్పుడు అసలు సంగతి. కొటేషన్లో ‘క్యాబినెట్‌ విత్‌ ఎస్‌ఎంపీఎస్‌’ అని ఒకే పంక్తి కనిపిస్తే అక్కడ ఆగాలి. బడ్జెట్‌ కుదరనప్పుడు కోత పడేది అక్కడే. ఎస్‌ఎంపీఎస్‌ బయటికి కనిపించదు, పిల్లలు అడగరు, పెద్దలకు తెలీదు. కానీ గోడలోని కరెంటును తీసుకుని ప్రతి భాగానికీ కొలిచి పెట్టేది అదే. నాసిరకానిదైతే ఓల్టేజీ ఎగిరిపడినప్పుడు అదొక్కటే పోదు, వెంట బోర్డునో డిస్కునో తీసుకుపోతుంది. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు, 45 వేల యంత్రానికి పదిహేను వందల దగ్గర కక్కుర్తి పడటమన్నమాట.

దీన్ని కనిపెట్టడం కష్టమేం కాదు. పెట్టె మీద రాసిన ‘450 వాట్లు’ నమ్మకుండా పక్కనున్న పట్టిక చూడండి. 12 ఓల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాసుంటే దాన్ని 12తో గుణించండి. 15 ఆంపియర్లంటే 180 వాట్లే! ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్‌, గ్రాఫిక్స్‌ కార్డులు నడిచేది ప్రధానంగా ఈ 12 ఓల్టుల మీదే. మంచిదైతే చెప్పిన మొత్తానికి దగ్గరగా ఉంటుంది. ‘80 ప్లస్‌’ గుర్తు ఉందేమో చూడండి. అది నాణ్యతకు పూర్తి హామీ కాదు కానీ, తీసుకున్న కరెంటులో 80 శాతానికి తగ్గకుండా పనికి వాడుతుందని పరీక్షలో తేలిందనడానికి రుజువు. గ్రాఫిక్స్‌ కార్డు లేని కంప్యూటర్‌కు మంచి కంపెనీది 450 వాట్లది చాలు. రేపు చిన్న కార్డు వేసుకున్నా తట్టుకుంటుంది.

ఇంటి వైరింగూ ముఖ్యమే. క్యాబినెట్‌ రేకును ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనడం చాలామందికి అనుభవమే. సాధారణంగా అది కంప్యూటర్‌ లోపం కాదు. ఎస్‌ఎంపీఎస్‌ ఫిల్టర్‌లోంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్తింగ్‌ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్తింగ్‌ లేకపోతే అది రేకులోనే నిలుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు మూడో కాలు విరిచి పెట్టడం లాంటివి చేయకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. కరెంటు కోతలున్న ఊళ్లో 600 వీఏ యూపీఎస్‌ ఒకటి ఉంటే రాసుకున్న పని సేవ్‌ చేసుకుని ఆపేందుకు సమయం దొరుకుతుంది.

తగ్గించుకునేది ఇక్కడ

క్యాబినెట్‌ విషయంలో పొదుపు చేయొచ్చు. మెరిసేదంతా బంగారం కాదన్నట్టు ముందువైపు మూసేసిన అద్దం కన్నా గాలి ఆడే జాలీ ఉన్న మామూలు పెట్టే మన ఎండలకు మంచిది. ఆరు నెలలకోసారి దుమ్ము దులిపితే చాలు. లైట్లు, పెద్ద కూలర్లు అక్కర్లేదు. ప్రాసెసర్‌తో పాటు వచ్చే ఫ్యాన్‌ మామూలు పనులకు సరిపోతుంది.

మానిటర్‌ మాత్రం కాస్త మంచిది కొనండి. గంటల తరబడి పిల్లల కళ్లు చూసేది దాన్నే. కంప్యూటర్‌ మారినా అది మారదు. 22-24 అంగుళాల ఐపీఎస్‌ రకం, ఫుల్‌ హెచ్‌డీ ఉంటే చాలు.

ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్లు సగం ధరకే వస్తాయని ఆశపడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్‌ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరే కావాలి. అంతకన్నా పాతదైతే ఉబుంటు లాంటి ఉచిత లినక్స్‌ వేసుకోవచ్చు. లిబ్రే ఆఫీస్‌తో రాతకోతలన్నీ జరిగిపోతాయి. అంతేకానీ దుకాణంలో ఊరికే వేసిచ్చే దొంగ విండోస్‌ వద్దు. దాంతో పాటే ఏ వైరస్‌ వస్తుందో ఎవరికీ తెలీదు.

డబ్బు కట్టేముందు...

⚫ కొటేషన్లో ‘8 జీబీ ర్యామ్‌’ అని కాకుండా ప్రతి భాగానికీ కంపెనీ పేరు, మోడల్‌ నంబరు రాయించుకోండి. అవే నంబర్లతో మరో రెండు దుకాణాల్లో, ఆన్‌లైన్లో ధర చూడండి.

⚫ ధరలో 18 శాతం జీఎస్టీ కలిసుందో లేదో అడగండి. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. వారంటీకి ఆ కాగితమే ఆధారం. దాని మీద సీరియల్‌ నంబర్లు ఉండాలి.

⚫ ప్రాసెసర్‌ సీలు వేసిన పెట్టెలో ఉందా చూడండి. విడిగా ఇచ్చే ‘ట్రే’ ప్రాసెసర్లకు సాధారణంగా దుకాణదారు ఇచ్చే వారంటీయే దిక్కు.

⚫ పాత గ్రాఫిక్స్‌ కార్డులతో జాగ్రత్త. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మార్చుకున్నాక, అప్పటిదాకా క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నలిగిన కార్డులెన్నో సెకండ్‌ హ్యాండ్‌ మార్కెట్లోకి వచ్చాయి.

⚫ ఇంట్లోనే బిగించుకుంటే ముందు లోహపు వస్తువేదైనా తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. ప్రాసెసర్‌ మూలనున్న త్రిభుజం గుర్తును సాకెట్‌ గుర్తుతో కలిపి పెట్టాలి తప్ప నొక్కకూడదు. పిన్ను వంగితే వారంటీ వర్తించకపోవచ్చు.

ఇంతకీ ఆ తండ్రీకొడుకుల సంగతి? ఈ లెక్కలన్నీ తెలిస్తే కొటేషన్లోంచి గ్రాఫిక్స్‌ కార్డు, లైట్ల ఫ్యాన్లు పోతాయి. వాటి స్థానంలో మంచి ఎస్‌ఎంపీఎస్‌, రెండో ర్యామ్‌, యూపీఎస్‌ వచ్చి చేరతాయి. మొత్తం మాత్రం ఆ 45 వేలే. అబ్బాయి కాస్త నిరాశపడొచ్చు. కానీ ఫైనలియర్‌ ప్రాజెక్టు రాత్రి, ఊరంతా కరెంటు పోయినప్పుడు, రాసుకున్నది పోకుండా ఉన్నందుకు నాన్నకు మనసులోనే దండం పెట్టుకుంటాడు.