ఎక్మోపై ఉన్న పసిబిడ్డకు ఏ ద్రవం ఎక్కించాలి? ఎంత?

కొందరు బిడ్డలు నెలలు నిండే పుడతారు. కానీ కడుపులో ఉండగానే విసర్జించిన తొలి మలం ఊపిరితిత్తుల్లోకి పోయి, వెంటిలేటర్ పెట్టినా ఆక్సిజన్ అందదు. అలాంటి వారికి చివరి ఆసరా ఎక్మో. రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ పట్టించి, తిరిగి ఒంట్లోకి పంపే యంత్రమది. అమెరికాలో డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్ 1975లో తొలిసారి ఒక నవజాత శిశువును దీంతో బతికించారు. ఈ బిడ్డలకు ఎక్కించే ద్రవాన్ని కూడా మందులాగే ఆచితూచి ఇవ్వాలి.

ద్రవం ఎందుకు తగ్గుతుంది?

మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 250 మిల్లీలీటర్లు. చాలా ఎక్మో యంత్రాల గొట్టాలు నిండటానికే దాదాపు అంత ద్రవం కావాలి. అందుకే వాటిని ముందే దాతల రక్తకణాలతో, ప్లాస్మా లేదా ఆల్బుమిన్‌తో నింపుతారు. రక్తం ఆ గొట్టాలకు తగిలినప్పుడు ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ రేగుతుంది. సన్నటి రక్తనాళాల గోడలు వదులై నీరు, ప్రొటీన్లు బయటికి జారతాయి. దాంతో ఒళ్లంతా ఉబ్బినా రక్తనాళాల్లో మాత్రం ద్రవం చాలదు. గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వల్ల రక్తస్రావం ముప్పూ ఉంటుంది. పరీక్షలకు తీసే రక్తమూ తక్కువేం కాదు. 25 మిల్లీలీటర్లు పోతే పదో వంతు పోయినట్టే.

తగ్గిందని ఎలా తెలుస్తుంది?

రక్తాన్ని లాగే గొట్టం అదురుతుంది, పంపులో ప్రవాహం పడిపోతుంది. అప్పుడు ముందుగా చూడాల్సినవి ఉన్నాయి. గొట్టం మడతపడిందా? ఛాతీలో గాలి చేరిందా? గుండె చుట్టూ రక్తం నిండిందా? కారణం వీటిలో ఉంటే ద్రవం ఎక్కిస్తూ కూర్చోవడం వల్ల అసలు చికిత్స ఆలస్యమవుతుంది.

మరి ఏది ఎక్కించాలి?

ఏది పోయిందో అదే. హిమోగ్లోబిన్ తగ్గితే ఎర్ర రక్తకణాలు, రక్తం గడ్డకట్టించే అంశాలు తగ్గితే ప్లాస్మా, ప్లేట్‌లెట్లు పడిపోతే ప్లేట్‌లెట్లు. నిల్వ రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గడ్డకట్టకుండా అందులో కలిపే సిట్రేట్ కాల్షియంను పట్టేస్తుంది. కాబట్టి ఈ రెండింటినీ పరీక్షిస్తూ ఇవ్వాలి.

ఇవన్నీ సరిగానే ఉండి ద్రవం ఒక్కటే చాలకపోతే, సెలైన్ సరిపోదా?

కొద్దిగా అయితే సరిపోతుంది. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అయితే లీటరు సెలైన్‌లో క్లోరైడ్ 154 మిల్లీమోల్స్ ఉంటే, మన ప్లాస్మాలో ఉండేది 100 పైచిలుకే. పదేపదే ఎక్కిస్తే రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. అప్పటికే బిగుసుకున్న ఊపిరితిత్తుల రక్తనాళాలకు అది మరింత చేటు. రింగర్ ల్యాక్టేట్ అనే మరో ద్రవంలో క్లోరైడ్ 109 మాత్రమే. కానీ అందులోని కాల్షియం వల్ల నిల్వ రక్తం గడ్డకట్టవచ్చు కనుక దాన్ని, నిల్వ రక్తాన్ని ఒకే గొట్టంలో కలిపి ఇవ్వకూడదు.

ఖరీదైన ఆల్బుమిన్ మేలు కదా?

దాతల ప్లాస్మా నుంచి తీసే ఈ ప్రొటీన్ నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచుతుంది. గోడలే వదులైనప్పుడు మాత్రం అదీ బయటికి జారి, నీటినీ వెంట తీసుకుపోతుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో దాదాపు 7,000 మంది పెద్దలపై జరిగిన సేఫ్ అధ్యయనం 2004లో వెలువడింది. అందులో ఆల్బుమిన్, సెలైన్ ఇచ్చినవారి మరణాల్లో తేడా కనిపించలేదు. పెద్దల ఫలితాన్ని పసివాళ్లకు యథాతథంగా వర్తింపజేయలేం. కానీ ధరను చూసి మేలని నమ్మకూడదని మాత్రం తెలుస్తోంది.

ఎంత ఎక్కించాలి?

సాధారణంగా ఒక విడతకు కిలోకు 10 మిల్లీలీటర్లు, అంటే మూడు కిలోల బిడ్డకు 30. ఆ తర్వాత రక్తపోటు, పంపు ప్రవాహం, రక్తంలో ల్యాక్టేట్ స్థాయి, మూత్రం చూసుకునే మరో విడత. ఈ జాగ్రత్త ఎందుకో 2011 నాటి ఫీస్ట్ అధ్యయనం చెబుతుంది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన మూడు వేల మందికి పైగా పిల్లలపై ఇది జరిగింది. 48 గంటల్లో మరణాలు, ఒక్కసారిగా ఆల్బుమిన్ ఎక్కించిన పిల్లల్లో 10.6 శాతం, సెలైన్ ఎక్కించిన వారిలో 10.5 శాతం. అలా ఎక్కించని వారిలో 7.3 శాతమే. వాళ్లు నవజాత శిశువులు కారు, ఎక్మోపైనా లేరు. అయినా ఏ ద్రవమన్న దానికన్నా ఎంత అన్నది ఒక్కోసారి ప్రాణానికి ముఖ్యమని ఆ అంకెలు హెచ్చరిస్తున్నాయి.

ఒంట్లో నిలిచిన అదనపు నీరు ఊపిరితిత్తులు కోలుకోవడాన్ని వెనక్కి లాగుతుంది. కాబట్టి ఐసీయూ బయట కూర్చున్న తల్లిదండ్రులు రోజూ డాక్టర్లను మూడు సంగతులు అడగవచ్చు: ఈరోజు బిడ్డకు ఏం తగ్గింది, ఏం ఎక్కించారు, ఎంత బయటికి వచ్చింది? అలా అడగడం వారి హక్కు. మంచి వైద్య బృందం దగ్గర ఆ లెక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.