వంటింటి బండలో చేప ఎందుకు లేదు?



తుక్కుగూడలో మా వంటింట్లో పరిచినవి తాండూరు బండలు. మొన్న బొచ్చె చేపకు పొలుసు తీస్తూ, "ఈ బండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదేరా" అన్నాను మా అబ్బాయితో. వాడు బండలన్నీ వెతికి, "మరి ఇందులో చేప ఏదమ్మా?" అన్నాడు.

మంచి ప్రశ్నే! ఊరి చుట్టూ ఉన్న గుండ్లలో వెతకడం ఎలాగూ దండగ. అవి గ్రానైటు. భూమి లోపల కరిగి ఉన్న పదార్థం చల్లారి, సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట గట్టిపడిన రాయి. అంత వేడిలో ఏ ప్రాణి గుర్తు నిలుస్తుంది? తాండూరు బండ అలా కాదు, నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. కాని అప్పటికి లోకంలో చేపలే లేవు. వెన్నెముక అన్నదే పుట్టలేదు.

మరి అది ఎప్పుడు పుట్టింది? చైనాలోని చెంగ్‌జియాంగ్ దగ్గర సుమారు 51 కోట్ల 80 లక్షల ఏళ్లనాటి రాళ్లలో, అంగుళం పొడవుండే చేపలాంటి ప్రాణులు దొరికాయి. 1999లో శాస్త్రజ్ఞులు వాటి సంగతి లోకానికి చెప్పారు. వాటిలో ఒకదాని పేరు హైకోవిక్తిస్. దవడలు లేవు, గట్టి ఎముకలూ లేవు. వీపు పొడుగునా ఒక మెత్తని కడ్డీ, దాన్నే పృష్ఠవంశం అంటారు. మెత్తనివి త్వరగా కుళ్లిపోతాయి కదా! సన్నని బురద ఒక్కసారిగా కప్పేయబట్టి వాటి అచ్చు మిగిలింది. మన చేప నడిముల్లుకు మూలం అక్కడే.

గట్టి ఎముకల చేపలు మన వైపూ ఉన్నాయి. ప్రాణహిత ఒడ్డున, సిరోంచ దగ్గరి కోట అనే ఊరి సున్నపురాళ్లలో లెపిడోటెస్ అనే చేపలు మందపాటి పొలుసులతో సహా దొరికాయి. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్న కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరమూ ఆ రాతిపొరలదే. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

ఇక మన సంగతి. కడుపులో బిడ్డకు వెన్నుపూసల కంటే ముందు ఏర్పడేది ఆ మెత్తని కడ్డీయే. తర్వాత దాని చుట్టూ పూసలు కడతాయి. నడుం పట్టేస్తే డాక్టరు "డిస్కు జారింది" అంటారే, ఆ డిస్కు మధ్యలోని గుజ్జు ఆ కడ్డీ నుంచి వచ్చిందే.

"ఇది చేపలు రాకముందటి సముద్రంరా" అని మా వాడికి చెప్పాను. బిందె ఎత్తేటప్పుడు మాత్రం వంగకుండా, మోకాళ్లు మడిచి ఎత్తండి. అంత పాత ఆస్తిని జాగ్రత్తగా చూసుకోవాలి మరి!